అయ్యగారు పడిపోయిన రోజు

పోయిన మంగళవారం మధ్యాహ్నం వర్క్‌షాపులో భోజనం డబ్బా మూత తీస్తూ ఉండగా మా సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. తెల్ల చొక్కా, నల్ల ఫ్రేము కళ్లద్దాలు, ఎవరో అడగ్గా నవ్వినట్టున్న నవ్వు, కింద 'ప్రభువునందు నిద్రించారు' అన్న అక్షరాలు. దాదాపు పదేళ్ల కిందట, ఆక్లాండ్‌కు దక్షిణంగా ఉన్న హామిల్టన్‌లో మా చిన్న తెలుగు సంఘానికి కాపరిగా ఉండి, తిరిగి ఆంధ్రా వెళ్లిపోయిన పాస్టరు గారు ఆయన. మేమందరం అయ్యగారు అనే పిలిచేవాళ్లం. ఫోటో కింద సంతాపాలు ఒక్కొక్కటిగా వస్తున్నాయి. ఆ వరుసలో మా సంఘ పెద్ద, హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినందువల్ల బ్యాంకు అంకుల్ అని మేము పిలుచుకునే ఆయన, ఇలా రాశారు: 'ఒకప్పుడు పడిపోయినా దేవుని కృప ఆయనను విడిచిపెట్టలేదు. ఆమేన్.' దాని కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

నేను డబ్బాకు మూత పెట్టేశాను. ఆ రాసిన మాట అబద్ధమని ఆ గ్రూపులో ఉన్నవాళ్లందరిలోకీ నాకొక్కడికే తెలుసు. ఆ మాట మొదట రాసిందీ నేనే. చనిపోయిన మనిషి మీద నుంచి దాన్ని తీసేయడం ఎలాగో తెలియక, నా ఈడు వాళ్లు, నాలాగే ఈ దేశానికి వచ్చి ఆదివారాలు అద్దె హాళ్లలో కుర్చీలు వేసి తీసిన వాళ్లు, చదువుతారన్న ఆశతో ఇది రాస్తున్నాను.

క్రైస్తవుల ఇళ్లలో పెరగని వారికి ముందుగా ఒక విషయం చెప్పాలి. మా సంఘాల్లో 'పడిపోయాడు' అంటే కాలు జారి పడడం కాదు, పాపంలో పడడం. సేవకుడి గురించి ఆ మాట అంటే పరాయి స్త్రీ సంగతేనని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఫలానా ఊరి పాస్టరు పడిపోయాడట అంటే వినేవాళ్లు నాలుక కరుచుకుని, తల అడ్డంగా ఊపి, ప్రార్థించాలి అంటారు. అదే మాట ఇంట్లో, పొలంలో, బజారులో మామూలు అర్థంతోనే తిరుగుతూ ఉంటుంది. మా నాన్న సైకిలు మీద నుంచి ఎన్నోసార్లు పడిపోయాడు, ఎవరూ తల ఊపలేదు.

మా సంఘం అప్పట్లో ఇరవై కుటుంబాలకు మించి ఉండేది కాదు. ఒక ఇంగ్లీషు చర్చి వాళ్ల హాలును ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి అద్దెకు తీసుకునేవాళ్లం. వాళ్లు పొద్దున తాగిన కాఫీ వాసన ఇంకా పోకముందే మా సాంబారు గిన్నెలు ఆ వంటింట్లోకి చేరేవి, సాయంత్రానికి ఆ సాంబారు వాసన పోగొట్టడానికి ఆడవాళ్లు కిటికీలన్నీ తెరిచి చలిలో వణుకుతూ నిలబడేవారు. గుంటూరు, కృష్ణా వైపు నుంచి వచ్చిన మాకు పాత కీర్తనలు నిదానంగా సాగాలి, హైదరాబాదు వాళ్లకు కీబోర్డు, డ్రమ్ములు కావాలి, ఇక్కడ పుట్టిన పిల్లలకు అంతా ఇంగ్లీషులో ఉంటే తప్ప తల ఎత్తరు. ప్రసంగం గంట దాటితే హాస్పిటల్ డ్యూటీ ఉన్నవాళ్లు గడియారం చూసేవారు, గంటలోపు ముగిస్తే మా ఆవిడ లాంటివాళ్లు ఈ వారం అయ్యగారు సిద్ధపడలేదేమో అనేవారు. వీటన్నిటి మధ్యా అయ్యగారు నవ్వుతూ తిరిగేవారు. కొత్తగా దిగినవాళ్లకు ఫ్లాట్ వెతికిపెట్టడం, నెలలు నిండిన అమ్మాయి దగ్గర వాళ్లమ్మ వచ్చేదాకా అమ్మగారిని, అంటే తన భార్యను, ఉంచడం, మొగుడూ పెళ్లాల తగువులు తీర్చడం, అన్నీ ఆయనే. ఆయనను స్పాన్సరు చేసి పిలిపించింది మేమే కాబట్టి ఆయన వీసా మా చేతుల్లోనే ఉండేది. ఆ సంగతి మేము ఎప్పుడూ పైకి అనేవాళ్లం కాదు, ఎప్పుడూ మరిచిపోయేవాళ్లమూ కాదు. నేను సంఘ కార్యదర్శిని, గ్రూపుకు అడ్మిన్‌ని.

సంఘంలో ఆయన జబ్బు సంగతి మొదట తెలిసింది నాకే. ఒక శనివారం టౌరంగాలో గృహకూడికకు నా కారులో ఇద్దరం వెళుతున్నాం. కైమై కొండ దిగుతుండగా ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే కళ్లు పైకి తిప్పి, దవడ బిగించి ఉన్నారు. ప్రార్థనలో ఉన్నారేమో అనుకుని నేను కూడా మౌనంగా బండి నడిపాను, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. చేతులు కొట్టుకోవడం మొదలయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. రోడ్డు పక్కన ఆపి, నోటి పక్కన నురుగు తుడిచి, తెలివి వచ్చేదాకా కూర్చున్నాను. తెలివి వచ్చాక ఆయన మొదట అడిగింది నీళ్లు కాదు, ఎవరికీ చెప్పనని మాట. వాళ్ల నాన్నకూ మూర్ఛ ఉండేదట, దయ్యం పట్టిందని ఊళ్లో వేపకొమ్మలతో కొట్టేవారట. సువార్తలో మూర్ఛ కుర్రవాడిలోంచి దయ్యాన్ని వెళ్లగొట్టిన భాగాన్ని తానే ఎన్నో సంఘాల్లో ప్రసంగించానని చెప్పి, కారు అద్దంలోంచి బయటికి చూస్తూ, "రేపు నేను ఒకరి తల మీద చెయ్యి పెడితే వాళ్లు ఏమనుకుంటారు బ్రదర్ గారూ" అన్నారు. నేను చేతిలో చెయ్యేసి మాట ఇచ్చాను.

ఏడాది పాటు ఫిట్స్ రాకుండా ఉంటేనే మళ్లీ కారు నడపవచ్చన్నారు డాక్టరు. మా ఊరి పాస్టరు గారు సైకిలు తొక్కి సాయంత్రానికి పది ఇళ్లు తిరిగేవారు. ఇక్కడ కారు లేని కాపరి ఇంటికే కాపరి. వారాంతాల్లో నేను తీసుకెళ్లేవాణ్ణి. మామూలు రోజుల్లో నేను పాలు పితికే యంత్రాలు బాగు చేస్తూ ఫారాల వెంట తిరిగేవాణ్ణి గనుక, హాస్పిటల్‌లో నర్సుగా పనిచేసే ఒక సిస్టర్ గారు తన డ్యూటీ లేనప్పుడు ఆయనను ఇళ్లకు తీసుకెళ్లేది. ఆయనను మొదట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది కూడా ఆవిడే. ఆవిడ భర్తకు టౌరంగా పోర్టులో పని, వారం మధ్యలో అక్కడే ఉండేవాడు. ఇంట్లో ఆవిడ, ఇద్దరు పిల్లలు, విజయవాడ నుంచి చూడ్డానికి వచ్చిన అత్తగారు. అయ్యగారు ఆవిడ కారులో ముందు సీట్లో కూర్చుని వెళ్లడం నలుగురూ చూశారు. ఎందుకో తెలిసిన నేను ఏమీ చెప్పలేదు, మాట ఇచ్చాను కదా. అప్పటికి అది నిజంగా మాట నిలబెట్టుకోవడమే.

తర్వాతి ఏడాది ఈస్టరుకు మా అమ్మాయి బాప్తిస్మం అనుకున్నాం. దానికి అప్పుడు పదిహేనేళ్లు. తెల్ల గౌను గుంటూరులో కుట్టించి తెప్పించాం, ఆక్లాండ్ నుంచి మా తోడల్లుడి కుటుంబం బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లతో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడడం అయ్యగారి పద్ధతి. మాట్లాడిన మర్నాడు నాకు ఫోన్ చేశారు.

"బ్రదర్ గారూ, పాపకు ఈసారి వద్దండి. కొంచెం ఆగుదాం."

"ఎందుకు? ఏమంది?"

"అది నేను చెప్పకూడదండి. తనకు చెప్పాలనిపించినప్పుడు తనే చెప్తుంది."

నేను ఎంత అడిగినా అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. తండ్రిని నేను, పైగా కార్యదర్శిని. నా కూతురి మనసులో ఏముందో నాకు చెప్పని మనిషి రహస్యాన్ని నేను మోస్తున్నాను. ఆ ఆదివారం నీళ్లలో దిగిన మిగతా నలుగురు పిల్లల్ని చూస్తూ నేను చప్పట్లు కొట్టాను. పక్కనున్న ఒకావిడ మా ఆవిడతో, "మీ పాపకేం, మనసు మారిందా" అంది. ఆ గౌను మా బీరువాలో ఉండిపోయింది, దానితో పాటు నా లోపల కూడా ఏదో ఉండిపోయింది. పైకి మాత్రం అయ్యగారికి వందనాలు చెబుతూనే ఉన్నాను.

జూలైలో, ఇక్కడి నడి చలికాలంలో, ఒక బుధవారం. వైకాటో నది మీద నుంచి లేచిన మంచు పది దాటినా విడలేదు, ముందున్న బండి వెనక లైట్లు తప్ప ఏమీ కనబడని పొద్దు. సిస్టర్ గారు ఫోన్ చేసి, "అన్నయ్యా, అయ్యగారు మా ఇంట్లో పడిపోయారు, అమ్మగారికి డ్యూటీలో ఫోన్ కలవడం లేదు, మీరొక్కసారి రండి" అంది. వెళ్లేసరికి ఆయన వంటింటి నేల మీద పక్కకు తిరిగి పడుకుని ఉన్నారు. తల కింద మడత పెట్టిన టవలు, నుదుటి మీద బల్ల అంచు తగిలి కమిలిన దెబ్బ. సిస్టర్ గారి అత్తగారు ఆయన పాదాలు పట్టుకుని కీర్తన గొణుగుతోంది. ఆ పెద్దావిడకు బాగోలేదని ప్రార్థన చేయడానికే వచ్చారాయన. ఆయన లేచి కూర్చున్నాక నేను వాకిట్లోకి వచ్చి, కారు పక్కన నిలబడి, ఆ రోజుల్లో అందరం రాసినట్టే తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో గ్రూపులో పెట్టాను: 'అయ్యగారు సిస్టర్ గారి ఇంట్లో పడిపోయారు. దయచేసి వివరాలు అడగవద్దు. ప్రార్థించండి.'

రాసినప్పుడు నాకు దురుద్దేశం లేదు. ఇది నమ్మమని అడిగే హక్కు నాకు లేదు గానీ, నిజం. వివరాలు అడగవద్దన్నది ఆయనకిచ్చిన మాట కోసమే. నిమిషం తిరగకముందే మొదటి జవాబు వచ్చింది: 'ప్రభువా, నీ దాసుని తిరిగి లేవనెత్తుము. శోధన ఎంతటివారికైనా తప్పదు.' ఆ తర్వాత ఇంకొకరు: 'ఆ కుటుంబం కోసం, ముఖ్యంగా పిల్లల కోసం.' ఇంకొకరు ఏడుస్తున్న బొమ్మ పెట్టారు. అప్పుడు నేను రాసిన వాక్యాన్ని మళ్లీ చదివాను. వాళ్లు చదివినట్టు చదివాను. నా బొటనవేలు తెర మీద ఆగిపోయింది. 'కాలు జారి' అని రెండు మాటలు చేర్చితే సరిపోయేది. నేను చేర్చలేదు. బీరువాలో తెల్ల గౌను గుర్తుకొచ్చింది. కాసేపటి తర్వాత సరిచేద్దాంలే అనుకున్నాను. ఆ కాసేపు నాకు హాయిగా ఉండింది. ఇన్నేళ్లలో నేను ఎవరితోనూ చెప్పుకోలేనిది ఆ హాయి గురించే.

సాయంత్రానికి ఇక సరిచేయడానికి వీల్లేనంత దూరం వెళ్లిపోయింది, లేదా అలా నాకు నేను చెప్పుకున్నాను. ఆదివారం ఆయన నుదుటి మీద దెబ్బతోనే వచ్చి ప్రసంగించారు. కింద పడ్డాడనడానికి సాక్ష్యంగా నిలవవలసిన ఆ దెబ్బే, సిస్టర్ గారి భర్త టౌరంగా నుంచి వచ్చి కొట్టాడట అన్న మాటకు సాక్ష్యమైంది. వేసిన కుర్చీల్లో మూడు వరుసలు ఖాళీ. ఉన్నవాళ్లు కూడా ఆమేన్ అనవలసిన చోట అనలేదు. గదిని వెచ్చబరిచే హీట్ పంపు శబ్దం ఒక్కటే వినిపించింది. సిస్టర్ గారు ఒకరిద్దరితో, ఆయనకు ఒంట్లో బాగోలేదు, అంతకంటే నేను చెప్పకూడదు అంటే, "అలాగే అంటారులే" అని వెనక నవ్వుకున్నారు. బ్యాంకు అంకుల్ నాకు ఫోన్ చేసి ఆవిడను కొన్నాళ్లు గ్రూపులోంచి తీసేయడం మంచిదన్నారు. తీసేశాను. ఒక్క వేలితో అయిపోయింది.

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన ముగిశాక పెద్దలం ముగ్గురం, అంకుల్, ఐటీలో పనిచేసే ఒక తమ్ముడు, నేను, హాలు వంటింట్లో తలుపు వేసుకుని అయ్యగారిని కూర్చోబెట్టాం. గోడకున్న వేడినీళ్ల బాయిలరు బుసబుసమంటోంది. అవతల పిల్లలు కుర్చీలు మడిచి ఒకదాని మీద ఒకటి పడేస్తున్నారు.

"అయ్యగారూ, ఒక్కటే అడుగుతాం," అన్నారు అంకుల్. "మీరు పడిపోయిన మాట నిజమేనా?"

ఆయన నా వైపు చూశారు. నేను తన జబ్బు సంగతి చెప్పేశానని ఆయన అనుకుంటున్నారని నాకు ఆ చూపులోనే తెలిసింది. కోపం లేదు, అలసట ఉంది.

"నిజమే అంకుల్. మీ దగ్గర దాచాను, అది తప్పే."

"ఇదే మొదటిసారా?"

"కాదండి. నాలుగైదు సార్లయింది."

ఐటీ తమ్ముడు చేతిలో ఉన్న టీ కప్పు కింద పెట్టేశాడు. "అమ్మగారికి తెలుసా?" అన్నాడు నెమ్మదిగా.

"మొదటి నుంచీ తెలుసు, పాపం ఓర్చుకుంటోంది. సిస్టర్ గారికీ తెలుసు. ఆవిణ్ణి ఏమీ అనకండి, ఎవరికీ చెప్పొద్దని నేనే బతిమాలాను."

ఆయన ఇంకా ఏదో చెప్పబోయారు. మందుల పేరు చెప్పేవారేమో, డాక్టరు అన్న మాట వచ్చేదేమో. అంకుల్ చెయ్యెత్తి ఆపారు. "చాలు అయ్యగారూ. వివరాలు మాకొద్దు. కప్పడం మన పని గానీ తవ్వడం కాదు. మీరు విశ్రాంతి తీసుకోండి."

ఆ గదిలో రెండు సంభాషణలు జరుగుతున్నాయని నాకొక్కడికే తెలుసు. అడిగేవాళ్లు ఒకటి అడుగుతున్నారు, చెప్పేవాడు ఇంకొకటి చెబుతున్నాడు, రెండూ అతుకు కనబడకుండా కలిసిపోయాయి. అంకుల్‌ది చెడ్డ మనసు కాదు, మర్యాద కొద్దీ అడగలేదు. అయ్యగారిది దొంగ మనసు కాదు, జబ్బు దాచినందుకే సిగ్గుపడుతున్నాడు. 'ఫిట్స్' అని ఒక్క మాట నేను పలికితే ఆ కుటుంబం నిలబడేది. ఆయనే ఒప్పుకున్నాక నా ప్రమాణానికి ఇక అర్థమే లేదు. అంకుల్, అయ్యగారు ఇద్దరూ నా వైపు చూశారు, నేను తల ఊపాను. దేనికి ఊపానో వాళ్లు వాళ్లకు తోచినట్టు అనుకున్నారు.

విశ్రాంతి అన్నది ఉద్యోగం పోవడమే, ఉద్యోగం పోతే వీసా పోవడమే. రెండు నెలల్లో ఇల్లు ఖాళీ చేశారు. సామాను సర్దే రోజు ఎవరో ఒకావిడ అమ్మగారి చెయ్యి పట్టుకుని, ఇంత జరిగినా మీరు క్షమించి కాపురం చేస్తున్నారు, మీది గొప్ప మనసు అందట. ఆ సాయంత్రమే అమ్మగారు మా గుమ్మంలో నిలబడింది. "మీకు తెలుసు కదా అన్నయ్యా," అంది. అంతే. తెలుసమ్మా, రేపే అందరికీ చెప్తాను అన్నాను. ఆ రేపు పోయిన మంగళవారం దాకా రాలేదు.

ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లింది నేనే. ఆక్లాండ్ దాకా గంటన్నర పైన. అయ్యగారు ముందు సీట్లో కూర్చుని, ఆక్లాండ్‌కు ముందొచ్చే బాంబే హిల్స్ అనే కొండలు ఎక్కేటప్పుడు, మీరు చెప్పేయడమే మంచిదయింది బ్రదర్ గారూ, నాకు దాచే బరువు తీరింది అన్నారు. జబ్బు కారణంగానే సంఘం తనను పంపించేస్తోందని ఆయన నమ్మకం. వెనక సీట్లో అమ్మగారు కూర్చుని ఉంది. అద్దంలో చూసినప్పుడల్లా ఆమె కళ్లు నా మీదే ఉన్నాయి. ఆమె నోరు తెరిస్తే అంతా అయిపోతుంది, ఏ మలుపులో తెరుస్తుందోనని భయపడుతూ బండి నడిపాను. ఆమె తెరవలేదు. తన మీద ఏ నింద పడిందో ఆయనకు తెలియకుండా ఉండడానికే ఆమె మౌనంగా ఉందని నాకు తర్వాత అర్థమైంది. ఆ నింద సంగతి తెలియకుండానే ఆయన నిద్రించారు.

సిస్టర్ గారి కుటుంబం ఆ ఏడాదే టౌరంగాకు మారిపోయింది. అక్కడ తెలుగు సంఘం ఉన్నా వెళ్లరని విన్నాను. మా అమ్మాయి ఇప్పుడు డునెడిన్‌లో పనిచేస్తోంది. రెండేళ్ల కిందట ఫోన్‌లో, దానికి వచ్చిన సగం తెలుగులో, అప్పట్లో తనకు దేవుడి మీద నమ్మకం కుదరలేదని, నాకు చెబితే ఇంట్లో ఉండనివ్వనేమోనని భయపడిందని చెప్పింది. "పాస్టర్ అంకుల్ ఎవ్వరికీ చెప్పలేదు డాడీ," అంది.

ఇప్పుడు మా సంఘానికి సొంత భవనం ఉంది. కుర్చీలు మడిచి పెట్టే పని లేదు, కిటికీలు తెరిచి వాసన పోగొట్టే పని లేదు. పాటలు తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తాయి, పిల్లలు తల ఎత్తి పాడుతున్నారు. కొత్త పాస్టరు గారు ఎవరి ఇంటికీ ఒంటరిగా వెళ్లరు, ముందుగా మెసేజ్ పెట్టి, ఇంకొకరిని వెంటబెట్టుకుని వెళతారు. మంచి పద్ధతే. అయితే ఒంట్లో బాగాలేదంటే తలుపు తట్టే మనిషి లేడు. ఎవరైనా ఆంటీ వాకిట్లో జారితే 'స్లిప్ అయ్యారు' అని రాస్తారు, పడిపోయారు అన్న మాట మా సంఘంలో ఎవరూ వాడరు. ఎందుకు వాడరో కొత్తవాళ్లకు తెలియదు.

మంగళవారం సాయంత్రం నేను గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను. ఒక్కొక్కరే చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. ఎవరూ జవాబివ్వలేదు. అంకుల్ మాత్రం విడిగా ఫోన్ చేశారు. ఆయనకు ఇప్పుడు ఎనభై దగ్గర పడ్డాయి, చాలాసేపు దగ్గారు. "ఇప్పుడెందుకయ్యా ఇదంతా," అన్నారు. "ఆయన వెళ్లిపోయాడు. మనం ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ ఇక్కడే ఉండాలి కదా." తర్వాత ఆయనే అడిగారు, ఆ రోజు హాలు వంటింట్లో అయ్యగారు ఏదో చెప్పబోయారు, నేను ఆపాను, గుర్తుందా అని. గుర్తుందన్నాను. ఫోన్ పెట్టేశారు.

మర్నాడు పొద్దున ఎవరి మనవడిదో పుట్టినరోజు కేకు ఫోటో వచ్చింది. దాని మీద శుభాకాంక్షలు వచ్చాయి, ఆదివారం భోజనానికి ఎవరు ఏ కూర తేవాలో జాబితా వచ్చింది. నేను రాసింది పైకి పైకి జరిగి కనబడకుండా పోయింది. అది అందరికంటే ముందు చదవవలసిన మనిషి, సిస్టర్ గారు, ఆ గ్రూపులో లేనే లేదు, నేనే తీసేశాను. అచ్చులో పడింది అలా జరిగిపోదన్న నమ్మకంతో ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

అయ్యగారికి మూర్ఛ జబ్బు ఉండేది. ఆ బుధవారం ఆయన ఒక పెద్దావిడ కోసం ప్రార్థన చేయడానికి వెళ్లి, ఆ పెద్దావిడ, ఆమె కోడలు చూస్తుండగా, వంటింటి నేల మీద పడిపోయారు.